బిడ్డకు నీళ్ల విరేచనాలైతే

విరేచనాలు పట్టుకున్న బిడ్డకు అసలు ముప్పు ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే. ఆ లోటు తీర్చే ఓఆర్‌ఎస్ పొడి లీటరు ప్యాకెట్‌ను మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలపండి. గ్లాసుకింత పొడి అని అంచనాగా వేయొద్దమ్మా, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది ఇలాంటి ద్రావణంతోనే. తల్లిపాలు, తిండి ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్, విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. కళ్లు లోతుకు పోయినా, మత్తుగా పడివున్నా, మలంలో రక్తం కనబడినా ఆలస్యం చేయకుండా 108 అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. ఆసుపత్రికి వెళ్లే దారిలోనూ ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండండి, బిడ్డ మింగగలిగితే.