మోతాదుకు ముందు బరువు



ఆసుపత్రిలో యాంటీబయాటిక్ పొరపాటు అనగానే ఒక మందుకు బదులు మరొకటి ఇవ్వడమే మనకు స్ఫురిస్తుంది. సరైన మందునే సరికాని మోతాదులో ఇవ్వడం అంతకన్న గుట్టుగా జరుగుతుంది. చీటీలో మందు పేరు ఉంటుంది, అంకె ఉంటుంది. ఆ అంకెను ఎంత బరువుకు, మూత్రపిండాల ఏ స్థితికి లెక్కగట్టారో తరచు ఉండదు. 2016లో భారత వైద్య మండలి మందు పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో వ్రాయవలెనని నియమం చేసింది. మంచిదే. కాని తప్పు అంకె స్పష్టంగా వ్రాసినంత మాత్రాన ఒప్పు కాదు కదా!

పసిబిడ్డల సంగతి చూడండి. జెంటామైసిన్ సూదిమందు సాధారణంగా రెండు మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాములుగా దొరుకుతుంది. అది పెద్దల కొలత. మూడు కిలోల శిశువుకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున వ్రాశారనుకుందాం. కావలసినది 15 మిల్లీగ్రాములు, అంటే ఆ సీసాలో 0.375 మిల్లీలీటరు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే 3.75, దాదాపు రెండు సీసాలు. శిశువుకు ఒక్క మోతాదు కోసం రెండవ సీసా విప్పుతున్నారంటే, ‘సిస్టర్, లెక్క మరొకసారి చూడండి’ అనడానికి తల్లికి పూర్తి హక్కు ఉన్నది.

ఇంకొక చిక్కు ‘రోజుకు’, ‘పూటకు’ అన్న మాటల మధ్య ఉన్నది. పది కిలోల బిడ్డకు కిలోకు 40 చొప్పున అమాక్సిసిలిన్ అంటే రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాములు. మూడు పూటలకు పంచితే పూటకు సుమారు 133. దానినే పూటకు 400 అనుకుంటే మూడింతలు పడుతుంది. ఇంటికి తెచ్చుకునే సిరప్‌లోనూ ఇటువంటి ప్రమాదమే: 5 మిల్లీలీటర్లలో 125 ఉన్న సీసా వేరు, 250 ఉన్న సీసా వేరు. ‘ఒక చెంచా’ అంటే ఏ సీసాలోని చెంచా?

వృద్ధుల విషయం వేరు. ఊరి నుండి తీసుకువచ్చిన తల్లిదండ్రుల రక్తపరీక్షలో క్రియాటినిన్ సరిగానే కనబడవచ్చు. అది కండరాల నుండి పుట్టేది. చిక్కిపోయిన దేహంలో కండ తక్కువ గనుక, మూత్రపిండాలు మందగించినా ఆ అంకె పెరగకపోవచ్చు. అందుచేత వయసు, బరువు కలిపి లెక్కగట్టవలెను. పైగా చేరిన నాటి లెక్క అయిదవ నాటికి చెల్లకపోవచ్చు: ఈలోగా మూత్రపిండాలు కుంగవచ్చు, తేరుకోనూ వచ్చు. తేరుకున్న తరువాత కూడా తగ్గించిన మోతాదే సాగితే మందు చాలక రోగక్రిములు మిగిలిపోతాయి. భయపడి తక్కువ ఇవ్వడం జాగ్రత్త అనిపించుకోదు.

భాష రాకపోవడం ఇక్కడ అడ్డు వస్తుంది. తమిళంలోనో ఇంగ్లీషులోనో బరువెంత అని అడిగితే మనవారు తలూపి ఊరుకుంటారు, లేదా తోచిన అంకె చెబుతారు. తూచమని అడగండి. ఊరిలో చేయించిన పాత రిపోర్టులు, ముఖ్యంగా క్రియాటినిన్ కాగితం, వెంట తెచ్చుకోండి. పెన్సిలిన్ పడనివారు ఆ మాట కేసు షీటులో మొదటనే వ్రాయించండి. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి శరీరంలో ఎక్కువగా నిలిస్తే వినికిడి శాశ్వతంగా దెబ్బతినవచ్చును. ఆ సూదులు నడుస్తుండగా చెవిలో హోరు, నడకలో తూలుడు, మూత్రం తగ్గడం కనబడితే, డాక్టరుగారు రౌండ్సుకు వచ్చేవరకు ఆగక వెంటనే నర్సుకు చెప్పండి.