అగ్నిశేషము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



ఋణశేషము, శత్రుశేషము, అగ్నిశేషము అను మూడింటిని మిగుల్పరాదని పెద్దలు చెప్పుదురు. అప్పు మిగిలినచో వడ్డి పెరుగును. శత్రువు మిగిలినచో పగ పెరుగును. నిప్పు మిగిలినచో ఎంత పెరుగునో తెలిసికొనుటకు, 2020వ సంవత్సరమున ఆస్ట్రేలియాకు చేరువనున్న యొక దీవిలో చెలరేగిన దావానలము మంచి దృష్టాంతము. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

ఆస్ట్రేలియా తూర్పుతీరమున క్వీన్స్‌లాండు రాష్ట్రము కలదు. అందు హెర్వీ బే అను చిన్న పట్టణమున కెదురుగా, జలసంధికి ఆవల, ఈ దీవి యున్నది. పొడవు 120 కిలోమీటర్లకు పైబడి యుండును. విస్తీర్ణము నాలుగు లక్షల ఎకరములకు పైమాట. ఇది దాదాపుగా అంతయు ఇసుకయే. ప్రపంచమునందలి ఇసుకదీవులలో ఇదియే మిక్కిలి పెద్దది. అట్లని యెడారి కాదు. ఇసుకతిన్నెల మీదనే మహావృక్షములతో గూడిన వర్షారణ్యము పెరిగినది. తిన్నెల నడుమ స్వచ్ఛమైన మంచినీటి సరస్సులు గలవు. 1992లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించెను. ఇచటి ఆదివాసులగు బుచ్చుల్లా జనులు దీనిని ‘గర్రి’ యందురు. ఆ మాటకు స్వర్గమని యర్థము చెప్పుదురు. 1836లో ఓడ పగిలి ఇచ్చటికి చేరిన ఎలైజా ఫ్రేజరు మూలమున ఫ్రేజరు దీవియని చిరకాలము పిలువబడి, 2023లో మరల గర్రి యను పూర్వనామమునే అధికారికముగ పొందినది.

2020 అక్టోబరు 14వ తేదీన ఈ దీవి ఉత్తరభాగమున అడవి యంటుకొనెను. అనుమతి లేకుండ ఎవరో వేసికొన్న నెగడు సరిగా ఆరకుండుటయే అందులకు మూలమని అధికారులు చెప్పిరి. ఇచట ఇసుక స్వభావమును కొంచెము విచారింపవలెను. నిప్పుమీద ఇసుక కప్పినచో మంట కంటికి కనబడదు గాని, వేడి లోపలనే దాగియుండును. పైకి చల్లారినట్లే యుండి, గంటలు గడచిన పిమ్మటను, కాలు మోపినవాని పాదము కాల్చును. గాలికి ఆ పొర తొలగినచో మరల రాజుకొనును. అందుచేతనే అచటి ఉద్యానవన శాఖవారు నెగడును ఇసుకతో గప్పక, నీటితో ఆర్పవలెనని యాత్రికులకు బోధింతురు. నివురుగప్పిన నిప్పు అని తెలుగువారు వాడుకగా ననెడి మాటకు ఇంతకన్న వ్యాఖ్యానము అక్కరలేదు.

ఆ దేశమున ఋతువులు తెలుగుదేశమునకు విపరీతముగ నుండును. ఇచట దీపావళి వెళ్లి చలి ముదురు వేళ, అచట ఎండలు ముదురును. 2020 నవంబరు అప్పటివరకు ఆస్ట్రేలియా లెక్కలకెక్కిన నవంబరు మాసములలో కెల్ల అత్యుష్ణమైనది. తొలి వారములలో మంట జనావాసములు మిక్కిలి తక్కువగా నున్న ఉత్తరభాగమున తిరిగెను. ఎండయు గాలియు తోడైన పిమ్మట దక్షిణమునకు దిగెను. యూకలిప్టసు ఆకులలో తైలము కలదు. పచ్చియాకు సైతము భగ్గున మండును. చెట్ల క్రింద ఏండ్ల తరబడి పడిన ఎండుటాకులును, బెరడును మేతగా నుండెను. నవంబరు చివర ప్రభుత్వము యాత్రికుల రాకను నిలిపివేసెను. అగ్నిమాపక శాఖవారు పోరాట నాయకత్వమును చేపట్టిరి.

దీవిలో నిప్పుతో పోరాడుట యెంతటి కష్టమో యోచింపుడు. బండి, మనిషి, ఆహారము, ఇంధనము, సమస్తమును పెద్ద బల్లకట్లమీద నీరు దాటి రావలెను. రాతిబాటలు లేవు, ఇసుకబాటలలో నాలుగు చక్రములకును బలమందు బండ్లే నడచును. చుట్టును సముద్రమున్నను ఆ నీటిని తలచినట్లు కుమ్మరింపరాదు; ఉప్పు మంచినీటి మొక్కలకు చేటు. నిప్పునార్పు రసాయనములలో ఎరువుల గుణము గలవి కలవు. సారము లేని నీటితోనే స్వచ్ఛముగ నుండు సరస్సులకు అవియు చెరుపే. ఆర్పువాడు ఒకవంక మంటను, మరియొకవంక తన మందును గూడ గమనింపవలసి యుండెను.

వారి ముఖ్యసాధనము ఎదురుమంట. పెద్దమంట రాబోవు దారిలో, గాలి యనుకూలించిన వేళ, ఒక బాటను హద్దుగా జేసికొని, అచటి యెండుటాకులను ముందుగనే జాగ్రత్తగ కాల్చివేయుదురు. పెద్దమంట అచటికి చేరునప్పటికి దానికి మేత దొరకదు. విమానములును హెలికాప్టర్లును పైనుండి నీరు కుమ్మరించెను. అయినను ఆకాశమునుండి పడిన నీరు మంట వేగమును తగ్గించును గాని నిశ్శేషముగ నార్పదు. నేలమీది మనుష్యుడు మొద్దు మొద్దును తడిపి, త్రవ్వి, చేతితో తడిమి చూచినగాని అది ఆరినట్లు గాదు.

డిసెంబరు 7వ తేదీన తూర్పుతీరమునందలి హ్యాపీ వ్యాలీ అను చిన్నపల్లెకు మంట వచ్చెను. అచటివారిని వెడలిపొమ్మని హెచ్చరించిరి. అగ్నిమాపకులు ఇండ్లచుట్టు నిలిచి పోరాడిరి, పల్లె నిలిచెను. మఱి యొక వారమునకు గట్టి వాన కురిసినగాని అడవిమంట అణగలేదు. నన్నయభట్టారకుని యాదిపర్వము చివర ఖాండవదహనకథ కలదు గదా! అచట ఇంద్రుని వాన అడవిమీద పడకుండ అర్జునుడు బాణములతో కప్పు గట్టెను. ఇచట జనులందరును ఆ వాన కొరకే ఆకాశమువంక చూచిరి.

లెక్క చూచుకొన్నచో, రెండు మాసములలో సుమారు 87,000 హెక్టార్లు, అనగా రెండు లక్షల పదునైదు వేల ఎకరములు, దీవిలో సగమునకు మించి కాలిపోయెను. నెగడుచెంత కుమ్మరింపవలసిన నీరు రెండు బిందెలకు మించదు. ఆ రెండు బిందెల శేషమే వడ్డితో సహా ఇంత యయ్యెను.

ఇందు మరియొక పాఠము కలదు. బుచ్చుల్లా జనులు వేలయేండ్లుగా ఆ దీవిలో నిప్పును వాడుచు బ్రతికిరి. చల్లని ఋతువులో, ఒక్కొక్క తావున, చిన్న చిన్న మంటలతో ఎండుటాకులను తీసివేయుట వారి యాచారము. పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలోను ప్రభుత్వము వారిని దీవినుండి తరలించెను. మనుష్యులతోపాటు ఆ జాగరూకతయు వెడలిపోయెను. 2014లో న్యాయస్థానము వారి హక్కును అంగీకరించినది. భూమికి మేలైనదే ముందు. తనది కానిదానిని తాకరాదు. సమృద్ధి గలవాడు పంచుకొనవలెను. ఇవియే వారి మూడు ధర్మములు. దావానలము పిమ్మట జరిగిన ప్రభుత్వ సమీక్ష 2021లో వెలువడెను. దీవి రక్షణలో బుచ్చుల్లా జనులకు ఎక్కువ పాత్ర నొసగవలెననియు, శాఖలు ముందుగనే కలిసి సంసిద్ధము కావలెననియు అది సూచించెను. తెలిసినవానిని వెళ్లగొట్టి, ఆపద వచ్చినపుడు వెదకుట యెంత ఖర్చో ఈ కథ చెప్పుచున్నది.

ఖాండవమున శార్ఙ్గకములను పక్షిపిల్లలు నాలుగు బ్రతికినట్లే, గర్రిలోను జీవము మిగిలెను. యూకలిప్టసు మ్రాను నల్లబడినను దాని మేనినుండి చిగురు వెడలును; కొన్ని చెట్ల గింజలకోశములు వేడి తగిలినగాని విచ్చుకొనవు. కాని మంటకు అలవాటుపడని వర్షారణ్యమునకు ఆ బలము లేదు. కాబట్టి ప్రకృతియే చూచుకొనునని చేతులు దులుపుకొనరాదు.

సభాసదులారా! ఇచట సముద్రదీవి లేదు గాని గడ్డివాములు గలవు, పూరిండ్లు గలవు. పొయ్యిలోని బూడిదను పెంటమీద పోయునపుడు చెంబెడు నీరు చల్లుట, చుట్టపీకను నలిపివేయుట, గాలివేళ కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకుండుట, ఊరిలో నిప్పు లేచిన నాడు ఎవరి మాట వినవలెనో ముందుగనే నిర్ణయించుకొనుట, ఇవి ఖర్చు లేని పనులు. అప్పు తీరినదని కాగితముమీద వ్రాయించుకొందురు. నిప్పు తీరినదని అరచేతితో తడిమి తెలిసికొనవలెను.

స్వస్తి.