హాస్టల్ పిల్లలకు ఒక హౌజ్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన హాస్టల్‌కు కంప్యూటర్లు ఇచ్చినవారు ఈ సభలోనే ఉన్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. అయితే వాటన్నిటికీ ఉన్నది ఒక్కటే టెలిఫోన్ లైను. చెప్పుకోవడానికి దాని వేగం సెకనుకు 56 కిలోబిట్లు. ఒక సీడీలో పట్టే 700 మెగాబైట్లు దాని మీద రావాలంటే, ఏ ఆటంకమూ లేకపోయినా 27 గంటలు దాటుతుంది. పక్క గదిలోని సర్వర్ నుంచి 100 మెగాబిట్ల కేబుల్ మీదయితే ఒక నిమిషం. పైగా ఒకే పాఠాన్ని పదిమంది పిల్లలు తెరిస్తే అది పదిసార్లు సముద్రం దాటి రావాలి.

మసీదులో హౌజ్ ఎందుకు కట్టుకున్నాం? వుజూకు వచ్చిన ప్రతి నమాజీ బావిలో చేద వేయనక్కర లేకుండా. శాస్త్రవేత్తలు చేస్తున్నదీ అదే. దూరదేశపు సైటుకు పూర్తి నకలు దగ్గర్లో పెట్టుకుంటారు, కొత్తగా చేరినవీ మారినవీ మాత్రమే అక్కడి నుంచి తెచ్చుకుంటారు. దీన్ని మిర్రర్ సైట్ అంటారు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ అమెరికాలోని లాస్ అలమోస్‌లో మొదలుపెట్టిన పరిశోధన పత్రాల భాండాగారం ‘ఆర్కైవ్’కు చెన్నైలోని గణితశాస్త్రాల సంస్థలో అలాంటి నకలుండేది. అయోవా విశ్వవిద్యాలయంలో పుట్టిన వైడర్‌నెట్ ప్రాజెక్టు వారు అనుమతితో సైట్లను హార్డ్‌డిస్కుల్లో నింపి, నెట్ సరిగా లేని ఆఫ్రికా విశ్వవిద్యాలయాలకు చేరుస్తూ వచ్చారు. దాని పేరు ఈగ్రానరీ, అంటే గాదె.

మనకంత పెద్దది అక్కర్లేదు. ఇంటర్, డిగ్రీ సైన్సు పిల్లలకు పనికొచ్చే కొన్ని సైట్లు చాలు. అవీ సొంతదారులు ఒప్పుకున్నవే.

అసలు ఇబ్బంది చెబుతాను. పెట్టె కొనడానికి దాత దొరుకుతాడు, దాని మీద పేరు రాయించుకోవచ్చు. నెలనెలా దాన్ని తాజాగా ఉంచే మనిషికి జీతమిచ్చే దాత దొరకడు. నీళ్లు మార్చని హౌజ్ సంగతి మీకు తెలియనిది కాదు. సైటువారు తప్పు దిద్దుకున్నా, పాత నకలు చదివిన మన పిల్లవాడు ఆ తప్పే పరీక్షలో రాసి వస్తాడు. అందుకే ముందు సర్వర్ అడగడం లేదు. మూడేళ్ల నిర్వహణ ఖర్చు జమ కానివ్వండి, సర్వర్ తర్వాత కొందాం. జకాత్ సొమ్ము దీనికి వద్దు, అది హక్కుదారులకే చేరాలి. సదఖయె జారియా నియ్యత్‌తో ఇవ్వండి.

ఇంకొక్క మాట. మన ఆడపిల్లలు రాత్రిపూట నెట్ సెంటర్లకు వెళ్లలేరు. వాళ్ల హాస్టల్‌కూ కేబుల్ లాగాలి. దూరం కొలిపించాం, 80 మీటర్లు. 100 మీటర్ల లోపే కాబట్టి మామూలు కేబులే సరిపోతుంది.