శాసనకర్తల వాకిట వైద్యులు
(పఠనమందిరమున జేసిన యుపన్యాసము)



అమెరికాదేశమున అత్యవసర చికిత్సావిభాగములలో పనిచేయు వైద్యులు ఏటేట వాషింగ్టను నగరమునకు బోయి, శాసనసభ్యులను స్వయముగ గలిసికొని తమ కోర్కెలను విన్నవించుచున్నారు. రోగిని విడిచి వైద్యునికి రాజకీయము లేలయని మీలో గొంద ఱడుగవచ్చును. మొదట మాకు నట్లే తోచినది. ఆ దేశపు శాసనమును చదివిన పిమ్మట మా యభిప్రాయమును మార్చుకొంటిమి.

1986వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు ఒక చట్టమును జేసెను. మెడికేరు ధనమును స్వీకరించు ఏ యాసుపత్రియైనను, తన అత్యవసర విభాగమునకు వచ్చిన ప్రతిమనుజుని, అతనియొద్ద రొక్కమున్నదా లేదా యని చూడక పరీక్షింపవలెను; ప్రాణాపాయ మున్నచో దానిని కుదుటపఱుపవలెను. అంతకుముందు బీదరోగులను గడపనుండియే మఱియొక యాసుపత్రికి తఱుముట కలదు. కావున చట్టము ధర్మమైనదే. అయితే యీ భారమును మోయుటకు వలయు ధనమును మాత్రము ఆ చట్ట మేర్పఱుపలేదు. ఆజ్ఞ శాసనసభది, మోత వైద్యునిది.

ఫలితమును జూడుడు. చేర్చుకొనుటకు నిర్ణయమైన రోగికి పైవార్డులో మంచము దొరకదు. అతడు అత్యవసర విభాగముననే, ఒక్కొక్కప్పుడు నడవలోని తోపుడుమంచము మీదనే, గంటల తరబడి, దినముల తరబడి పడియుండును. దీనిని వారు ‘బోర్డింగు’ అందురు. (మనకు బోర్డింగనిన భోజనము జ్ఞాపకము వచ్చును, ఇది యట్టి సౌఖ్యము కాదు.) లోపల చోటు లేనందున గుండెనొప్పితో వచ్చినవాడు బయటిగదిలో కూర్చుండును. వేచి వేచి విసిగిన బంధువుల కోప మెవరిపై బడును? మంచములను తగ్గించిన యధికారి యచ్చట నుండడు. ఎదుటనున్న నర్సుపై, డాక్టరుపై బడును. అమెరికా అత్యవసర వైద్యుల కాలేజి యను సంఘము 2018లో విచారింపగా, ఇంచుమించు సగముమంది వైద్యులు పనిలో దెబ్బలు తింటిమని చెప్పిరి. కాబట్టి రోగికి మంచ మడుగుటయు, తమ దేహమునకు రక్షణ మడుగుటయు రెండు కోర్కెలు కావు.

వారి శ్రమ యంతయు వ్యర్థము కాలేదు. కోవిడు నడుమ 2020 ఏప్రిలులో మరణించిన న్యూయార్కు వైద్యురాలు లోర్నా బ్రీను పేర, వైద్యసేవకుల మనస్స్వాస్థ్యమునకై ఒక చట్టము 2022 మార్చిలో వచ్చినది. దెబ్బల విషయమున మాత్రము, ఆసుపత్రులలో దౌర్జన్యమును నివారించు బిల్లును ప్రతినిధిసభ 2019లోను 2021లోను ఆమోదించినను అది సెనేటును దాటలేదు. విమానసిబ్బందిపై జేయిచేసికొని వారి పనికి భంగము గలిగించినవానికి ఆ దేశపు చట్టమున 20 ఏండ్ల వఱకు శిక్ష గలదు. తమకు నట్టి రక్షణమే కావలెనని వైద్యులు వాదించుచున్నారు. న్యాయవాదులమగు మా కిది సబబుగనే తోచుచున్నది.

మన సంగతి వేఱుగ లేదు. ప్రభుత్వవైద్యుడైనను ప్రైవేటువైద్యుడైనను ప్రాణరక్షణకు పూనుకొనవలసినదేయని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పెను. వైద్యులపై దౌర్జన్యమునకు మూడేండ్ల వఱకు ఖైదు విధించు చట్టమును ఆంధ్రప్రదేశ్ 2008లో జేసెను. అట్టి చట్టమొకటి కలదని ఠాణాలో మేమే గుర్తుచేయవలసివచ్చిన సందర్భము లున్నవి.

మన పట్టణపు డాక్టర్లు శాసనసభ్యుని దర్శింపబోవునాడు వారిని ఒంటరిగ పంపకుడు. రోగుల బంధువులుగ మనమును వెంట నడచి, రాత్రివేళ ద్వారమున కావలిని, ఖాళీమంచము లెన్నియో తెలుపు పలకను అడుగుదము.