మిస్లేనియస్ కట్ట
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "ఏదో ఒకటి, ఓ పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ఏదో ఒకటి అంటే మన ఆఫీసు భాషలో మిస్లేనియస్. సరే, ఆ మాట మీదనే మాట్లాడతాను. 1971లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. నాకు ఇంతకన్న బాగా తెలిసిన విషయం మరొకటి లేదు.

మా మనవరాలు బ్యాంకు పరీక్షకు చదువుతోంది. మొన్న పుస్తకం పట్టుకొచ్చి, "తాతయ్యా, మిస్లేనియస్, సండ్రీ, అసార్టెడ్, మాట్లీ, హాచ్‌పాచ్ అన్నీ ఒకే వరుసలో ఇచ్చారు, ఇవన్నీ ఒకటేనా?" అని అడిగింది. ఒకటేనమ్మా అనేశాను. అన్నానే గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో తరువాత మనవి చేస్తాను. తెల్లవారి పాత నిఘంటువు దులిపి కూర్చున్నాను.

చూడగా ఈ మాటల్లో చాలా భాగం వంటింట్లోనుంచి వచ్చినవే. హాచ్‌పాచ్ ఫ్రెంచివారి నుంచి వచ్చింది. కుండలో అన్నీ వేసి కుదపడమని దాని మూలార్థం. పోపూరీ అనే మాట ఉంది. నేను పోపూ, పూరీ కలిపిన ఏదో ఫలహారమనుకొన్నాను. తీరా చూస్తే ఫ్రెంచిలో కుళ్ళిన కుండ అని అర్థం! మాంసమూ, కూరలూ కలిపి ఉడికించే వంటకానికి ఆ పేరు. అదే మాటను ఇప్పుడు సువాసన కోసం గదిలో పెట్టుకొనే ఎండు పూరేకులకు వాడుతున్నారు. ఇక ఫరాగో. 2017లో శశి థరూర్ గారు ట్విట్టర్‌లో వాడితే దేశమంతా నిఘంటువులు తిరగేసింది గదా! లాటిన్‌లో అది పశువులకు పెట్టే కలగలుపు దాణా. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? కలగూరగంప, కలగాపులగం, కిచిడీ. ఏ భాషవాడైనా గందరగోళం చూడగానే ముందు వంటింటివైపే చూస్తాడు కాబోలు.

ఈ కుండ కోర్టుకు కూడా ఎక్కింది. ఉమ్మడి కుటుంబంలో ఒకరు తన స్వార్జితాన్ని తనకు ప్రత్యేక హక్కు అక్కరలేదనుకొని మనస్ఫూర్తిగా ఉమ్మడి ఆస్తిలో కలిపేస్తే, దాన్ని హాచ్‌పాట్‌లో వేశాడంటారు వకీళ్ళు. పార్టిషన్ దావాల కాగితాలు చూసినవారికి ఆ మాట కొత్తగాదు. అక్కడ కలపడమంటే అందరికీ పంచడానికి.

మాట్లీ అంటే రంగురంగుల గుడ్డ, విదూషకుడి వేషం. మనుషుల గుంపును మాట్లీ అన్నామంటే కొంచెం చిన్నచూపు ఉన్నట్టే. అసార్టెడ్ అలా కాదు. రకరకాలవి ఎంచి, పేర్చి పెట్టినవి. బిస్కట్ల డబ్బా మీద అసార్టెడ్ అని ఉంటుందిగాని మిస్లేనియస్ అని ఉండదు. ఉంటే ఎవరూ కొనరు.

మన వగైరా కూడా తక్కువది కాదు. అరబ్బీనుంచి వచ్చిన మాట. తక్కినవి అని అర్థం. అడంగలులో పెద్దన్నగారి పేరు రాసి పక్కన వగైరా అని పడేస్తే, ఆ వగైరాలో కూరుకుపోయిన తమ్ముళ్ళు అప్పు కోసమో, పాసుపుస్తకం కోసమో వచ్చి మేము ఫలానా అని రుజువు చేసుకోలేక ఎన్ని అవస్థలు పడ్డారో రెవెన్యూలో పనిచేసిన సోదరులకు చెప్పనక్కరలేదు.

నన్ను నిద్రపోనివ్వనిది సండ్రీ. సండ్రీ డెటార్స్, సండ్రీ క్రెడిటార్స్ అని లెక్కల్లో రాశాం గదా, చిల్లరమల్లర అనుకొన్నాం. పాత ఇంగ్లీషులో ఆ మాటకు విడివిడిగా, వేరువేరుగా అని అర్థమట. మిస్లేనియస్ లాటిన్‌లో కలపడం అనే మాటనుంచి వచ్చింది. అంటే ఒకటి కలిపేది, ఇంకొకటి విడదీసేది. ఈ రెండూ ఒకటేనని మా మనవరాలికి చెప్పాను.

1979లో నేను ఒక ఆఫీసులో తపాలు చూసేవాణ్ణి. చనిపోయిన ఒక అటెండరు భార్య దగ్గరనుంచి అర్జీ వచ్చింది. చెట్టుకింద అర్జీలు రాసేవాడు కాగితానికి ఇంత అని తీసుకొనేవాడు. రెండో కాగితానికి డబ్బుల్లేక ఆమె నాలుగు విషయాలూ ఒకే కాగితంలో ఇరికించి రాయించింది. కుటుంబ పెన్షను, జి.పి.ఎఫ్. సొమ్ము, ఆఖరినెల జీతం, కొడుక్కి ఉద్యోగం. ఒక్కొక్కటి ఒక్కొక్క సీటుకు పోవలసినది. ఎక్స్‌ట్రాక్టులు తీసి నలుగురికీ పంపాలి. నేను కరెంటు నంబరు వేసి, పైన మిస్లేనియస్ అని రాసి, కట్టలో కట్టి, బీరువా మీద పెట్టాను. ఆ రోజు నాకు అరవై కాగితాలున్నాయి. అది నిజమే గాని, సాకు కూడా.

ఆమె మూడుసార్లు వచ్చి వరండాలో కూర్చుంది. మూడుసార్లూ "విచారణలో ఉందమ్మా" అన్నాను. ఎనిమిది నెలల తరువాత కొత్తగా వచ్చిన సూపరింటెండెంటుగారు కట్టలు విప్పించారు. ఆ అర్జీ రెండుసార్లు చదివి, "ఇందులో మిస్లేనియస్ ఏముందయ్యా?" అన్నారు. అంతే, కేకలు వేయలేదు. ఎర్రపెన్సిలు తీసుకొని నాలుగుచోట్ల 1, 2, 3, 4 అని అంకెలు వేసి నా చేతికిచ్చారు. భోజనం వేళకు నాలుగు ఎక్స్‌ట్రాక్టులూ టైపయి వెళ్ళాయి. రెండు నెలల్లో పెన్షను మంజూరయింది. ఆర్డరు కాపీ తీసుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను, అబ్బాయి ఏం చేస్తున్నాడని. పదో తరగతి మానేసి లారీ మీద క్లీనరుగా పోతున్నాడంది. ఆలస్యం ఎవరివల్ల జరిగిందో ఆమెకు తెలియదు. నాకు నమస్కారం పెట్టి వెళ్ళింది.

మనవరాలికి మర్నాడు చెప్పాను, అవి ఒకటి కావని. "పరీక్షలో ఒకటేనని రాస్తేనే మార్కు తాతయ్యా" అంది. అలాగే రాయమన్నాను. మార్కు పోగొట్టుకోమని ఎలా చెప్పగలను?

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి చేసి ముగిస్తాను. డి.ఎ. బకాయి, మెడికల్ రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్టు, ఏ విషయమైనా సంఘానికి రాసేటప్పుడు ఒక కాగితం మీద ఒక్కటే రాయండి. నాలుగూ ఒకేచోట రాసి తెచ్చినా ఫరవాలేదు. మంగళవారం పొద్దున సంఘం గదిలో ఉంటాను, విడదీసి రాసిపెడతాను. ఎర్రపెన్సిలు నా దగ్గరే ఉంది.