జెండా స్తంభం ఎత్తెంత?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం చేద్దామని అనుకుంటుంటే డిజిటల్ బోర్డు మాట వచ్చింది. నేను వద్దనను. కానీ పిల్లలకు లెక్కలంటే భయం పోవాలన్నది మన కోరికైతే, ముందు నాలుగు టేపులు, ఒక దారపు ఉండ, కొన్ని కర్రలు కొందాం. వాటితోపాటు మన శనివారం మధ్యాహ్నాలు కొన్ని ఇద్దాం.

లెక్కల టీచరుగారి అనుమతితో ఈ ఏడాది మూడు శనివారాలు తొమ్మిదో తరగతి పిల్లలతో గడిపాను. మొదటి రోజు ఒకటే ప్రశ్న: ఎక్కకుండా జెండా స్తంభం ఎత్తు చెప్పాలి. నలుగురేసి జట్లు. మీటరు కర్ర నిలబెట్టి దాని నీడ, స్తంభం నీడ కొలిచి నిష్పత్తి వెయ్యాలి. పదో తరగతిలో రాబోయే సరూప త్రిభుజాలు ఇవే. ఒక జట్టుకు 7.1 మీటర్లు, ఇంకో జట్టుకు 7.3, మరో జట్టుకు ఏకంగా 9 వచ్చింది. గొడవ మొదలైంది. టీచరుగారూ నేనూ నోరు మెదపలేదు. (ఇంజనీర్లకు ఇది చాలా కష్టం.) చివరికి ఒక అమ్మాయి పట్టేసింది. ఆ జట్టువాళ్ళు కర్ర నీడ కొలిచాక, టేపు వేరేవాళ్ళు పట్టుకుపోతే అరగంట ఆగి స్తంభం నీడ కొలిచారు. ఈలోగా పొద్దు వాలింది, నీడ సాగింది. రెండు నీడలూ ఒకే వేళ ఎందుకు కొలవాలో ఆ పిల్లలకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండో వారం సీసా మూతలు, పళ్ళేలు, సైకిల్ చక్రం. చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే మూతలకు 2.9 నుంచి 3.4 దాకా వచ్చాయి, చక్రానికి 3.15. మూడు సెంటీమీటర్ల మూత దగ్గర రెండు మిల్లీమీటర్ల తేడా చాలా పెద్దది, చక్రం దగ్గర లెక్కలోకి రాదు. 22/7 కూడా పై విలువకు దగ్గరిదే తప్ప అసలుది కాదని అప్పుడు చెప్తే చెవిన పడింది. ఆర్యభటుడు 62832ను 20000తో భాగించమన్నాడు. అదీ దగ్గరి విలువేనని తానే చెప్పాడు.

మూడో వారం తరగతి గది మూల మట్టంగా ఉందా అని చూశాం. ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4, అప్పుడు కర్ణం 5 రావాలి. అంగుళం ఎక్కువొచ్చింది! ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి, "6, 8, 10 పెట్టి చూడండి సార్, తేడా బాగా తెలుస్తుంది. మా నాన్న అలాగే చూస్తాడు" అన్నాడు. వాళ్ళ నాన్న తాపీమేస్త్రి. ఆ రోజంతా మిగతా జట్లు వాడి చుట్టూనే ఉన్నాయి.

జట్టులో నలుగురికి మించితే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్ళు చూస్తారు. యాభై మంది పిల్లలతో, 45 నిమిషాల పీరియడ్‌లో, సిలబస్ మధ్య టీచరుగారు ఒక్కరే పన్నెండు జట్లను చూడలేరు. మనం పనికొచ్చేది అక్కడే. పాఠం చెప్పేది టీచరుగారే, మనం టేపు అందించి పక్కన నిలబడాలి.

భోజనాల దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టాను. డిసెంబర్ 22, రామానుజన్ పుట్టినరోజులోపు ఎనిమిదో తరగతికి కూడా ఇవి చేయించాలని టీచరుగారు అడిగారు. కనీసం పన్నెండు మంది కావాలి. పేరు, మీకు వీలయ్యే శనివారాలు రాయండి.