పసుపుపచ్చ దీపం



ఇవాళ కారు బ్రేకుల గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోనే నవ్వారు. "ఆవకాయ సంగతి చెప్పుకోక ఇదెందుకే నీకు?" అన్నారు మావారు. నిజమే, నేను బండి నడపను. కానీ ఆయన పక్కన గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చునేది నేనే కదండీ!

కిందటి వానాకాలంలో ఖమ్మం నుంచి జూలూరుపాడు, మా అన్నయ్యగారింటికి బయలుదేరాం. ఏన్కూరు దాటాక వాన పట్టుకుంది. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా గేదెల మంద. మావారు బ్రేకు గట్టిగా తొక్కారు. పెడలు కాలికింద గడగడలాడింది, ఏదో విరుగుతున్నట్టు చప్పుడు. ఆయన బెదిరి కాలు తీసేశారు. బండి ముందుకు జారింది. నేను కేకేస్తే మళ్ళీ తొక్కారు. గేదెకి జానెడు దూరంలో ఆగాం.

బ్రేకు చెడిపోయిందనుకున్నాం. చెడలేదు, అది తన పని తాను చేస్తోంది. దాన్నే ఏబీఎస్ అంటారు. తడిరోడ్డు మీద బ్రేకు గట్టిగా పడితే చక్రం బిగుసుకుపోయి జారుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. అలా కాకుండా ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సారు ఉండి, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చిన్న కంప్యూటరుకి చెబుతూ ఉంటుంది. చక్రం బిగుసుకోబోతోందని తెలియగానే అది బ్రేకు పట్టు కాస్త వదిలి మళ్ళీ పట్టిస్తుంది, సెకనుకి ఎన్నోసార్లు. కాలికి తగిలే గడగడ అదే. కాలు తీయకూడదు. తొక్కిపట్టే ఉంచి, స్టీరింగుతో పక్కకి తప్పుకోవాలి. 1978లో జర్మనీలో మెర్సిడెస్ కార్లకి వచ్చిన ఈ ఏర్పాటు, మనదేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది.

దీనికి తోబుట్టువు ట్రాక్షన్ కంట్రోలు. ఏబీఎస్ బండి ఆగేటప్పుడు కనిపెట్టుకుని ఉంటే, ఇది కదిలేటప్పుడు కనిపెట్టుకుని ఉంటుంది. బురదలో ఒక చక్రం ఊరికే గిర్రున తిరిగితే ఇంజను జోరు తగ్గిస్తుంది, ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది. రెంటికీ సెన్సార్లు అవే. అందుకే ఒక్కటి పోతే రెండు దీపాలూ వెలుగుతాయి.

మాకూ అదే అయింది. అన్నయ్యగారి కొట్టంలో, తవుడు బస్తాల పక్కన మూడురోజులు ఉంచిన కారు తీస్తే ఆ పసుపుపచ్చ దీపాలు ఆరనే లేదు. తాళం తిప్పగానే వెలిగి, కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే ఏబీఎస్ లేదన్నమాట. మామూలు బ్రేకు ఉంటుంది, నెమ్మదిగా వెళ్ళవచ్చు. దాంతోపాటు ఎర్రదీపం కూడా వెలిగితే మాత్రం బండి కదపకండి.

మొదట చూపించిన షాపులో "లోపలి యూనిట్టంతా మార్చాలి. అంత ఖర్చు వద్దంటే దీపం వెలగకుండా చేసిపెడతా" అన్నాడు. మావారు సరేననబోయారు. నేనొప్పుకోలేదు. జ్వరం వస్తే థర్మామీటరు దాచేస్తామా?

కొత్తగూడెంలో ఇంకో మెకానిక్కు, కుర్రవాడే, స్టీరింగు కింద స్కానరు తగిలించి "వెనక ఎడమ చక్రం, అమ్మా" అన్నాడు. కోడు చక్రం పేరే చెబుతుందట, జబ్బు పేరు చెప్పదట. సెన్సారే పోయి ఉండొచ్చు, దాని పక్కన తిరిగే పళ్ళ రింగు విరిగి ఉండొచ్చు, బేరింగు అరిగి ఉండొచ్చు, ఊరికే మట్టి పట్టి ఉండొచ్చు. అందుకని కొత్త సామాను తెమ్మనకుండా బండిని జాకీ మీద ఎత్తి చక్రం ఊపి చూశాడు. ఊగలేదు. ఎండిన నల్లమట్టి గీకి, వైరు వెంబడి వేలు పోనిచ్చాడు. ఎలుక కొరికింది! తవుడు కోసం వచ్చినదాని నిర్వాకం.

ఉత్తినే మెలిపెట్టి టేపు చుడితే నీళ్ళు దిగి మళ్ళీ మొదటికొస్తుందని, టంకం పెట్టి పైన రబ్బరు తొడుగు బిగించాడు. పాత కోడు చెరిపేసి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. నాలుగు చక్రాల వేగం స్కానరులో ఒకేలా కనబడ్డాకగాని డబ్బు అడగలేదు. ఆరువందలు. నాలుగు టైర్లూ ఒకే సైజువి ఉండాలనీ, బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది గనక రెండేళ్ళకోసారి మార్పించమనీ చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో సన్నగా చినుకులు. ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని మావారు ఒక్కసారి బ్రేకు గట్టిగా తొక్కారు. పెడలు గడగడలాడింది. ఈసారి కాలు తీయలేదు.